నలభై డిగ్రీల గదిలో

శనివారం ఉదయం లోయిస్ రెండు నీళ్ళ సీసాలు, ఒక పాత తువ్వాలు సంచిలో సర్దుకుంటోంది. హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లో ఏడు గంటలకల్లా భర్త సత్యరాజుకి టిఫిన్ అందాలి. అందింది కూడా. కానీ ఆయన ఉప్మా ముట్టుకోలేదు.

"ఏటి, మళ్ళీ ఆ యోగాకేనా?"

"అవునండీ. ఎనిమిదింటి లోకలుకి ఎల్తాను."

టికియాపారా కార్‌షెడ్డులో ముప్ఫై ఏళ్ళుగా రైలుపెట్టెల కింద దూరి పనిచేస్తున్న మనిషి సత్యరాజు. తెలుగు చర్చిలో సంఘ పెద్ద కూడా. రెండు నెలల కిందట కూతురు హెప్సీ తన ఆఫీసు పక్కనే ఉందని, భవానీపూర్‌లో వేడి గదిలో నేర్పే యోగాకి తల్లిని చేర్పించింది. నడుంనొప్పికి మంచిదంది. ఆయన అప్పుడు నవ్వి ఊరుకున్నాడు. కలకత్తాలో చెమటకి ఏం కరువొచ్చిందని అంత దూరం వెళ్ళి పట్టించుకోవడం! మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం మేరీరాణి ఆయన్ని పక్కకి పిలిచి, "అన్నయ్యా, వదిన అక్కడ సూర్యుడికి దండాలెడతందంట గదా" అంది. ఆ మాట విన్నప్పటినుంచి ఆయనకి అన్నం సయించడం లేదు.

"పెద్దరికంలో ఉన్నోడిని. నీ మూలాన సంఘంలో తల దించుకోమంటావా? ఇయ్యాల్టితో మానీ."

"మాననండీ."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన వినని మాట అది. వంటింట్లోంచి హెప్సీ పరుగున వచ్చింది.

"నాన్నా, అమ్మ ఈ రెండు నెల్ల నుంచే కాస్త నిద్రపోతోంది. ఆండ్రూ పోయాక..."

"నువ్వూరుకో!"

ఆండ్రూ డెంగ్యూతో పోయి ఏడాదైంది. ఇరవై మూడేళ్ళ కొడుకు. ప్రభువు దగ్గరికి వెళ్ళినవాడి కోసం ఏడవడం విశ్వాసికి తగదని సత్యరాజు ఆ రోజే తేల్చి చెప్పేశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు. కనీసం ఆయనకి తెలిసి.

లోయిస్ సంచి భుజాన వేసుకుంది. "మీరోసారి వచ్చి చూడండి. చూసినాక కూడా మానీమంటే మానీస్తాను. మరింక అడగను."

సరే పద అన్నాడు సత్యరాజు. దగ్గరుండి మాన్పించాలనే పంతంతోనే బయల్దేరాడు. ఇద్దరూ హౌరాలో దిగి బస్సెక్కి భవానీపూర్ చేరారు.

మూడో అంతస్తులో పొడుగాటి గది. ఎదురుగోడ అంతా అద్దమే. తలుపు తియ్యగానే నలభై డిగ్రీల వేడి ముఖాన కొట్టింది. నేర్పే బెంగాలీ అమ్మాయి నవ్వుతూ, "మొదటిసారి కదా దాదా, ఏమీ చెయ్యలేకపోయినా ఫర్వాలేదు. గదిలో ఉండండి చాలు. కళ్ళు తిరిగితే కూర్చోండి" అని హిందీలో చెప్పింది. రేకుల షెడ్డులో మే నెల ఎండకి పనిచేసినవాడికా ఈ సుద్దులు అనుకున్నాడాయన.

పది నిమిషాలకే బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఒంటికాలి మీద నిలబడబోయి రెండుసార్లు తూలాడు. దేవుడి పటమేమైనా ఉందా అని నాలుగు గోడలూ వెతికాడు, లేదు. దండాలు లేవు. గాలి పీల్చండి, వదలండి అన్న మాట తప్ప మరొకటి వినపడలేదు. ఇంకో పది నిమిషాలకి కళ్ళ ముందు చీకట్లు కమ్మి, చాప మీద కూలబడిపోయాడు.

అప్పుడు అద్దంలో లోయిస్ కనపడింది. ఒంటికాలి మీద నిలబడి, చేతులు మెలివేసుకుని, తన ముఖంలోకి తనే చూసుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. ఆహా, దొరికింది మంత్రం! సత్యరాజు ఆ పెదవుల వంకే కళ్ళు చిట్లించి చూశాడు.

"ఆండ్రూ... నాన్నా ఆండ్రూ..."

ఆవిడ నోరు వంకర్లు పోతోంది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. చెంపల మీద చెమటా కన్నీళ్ళూ కలిసిపోయి గడ్డం మీంచి కారుతున్నాయి. పక్కనున్నవాళ్ళు గమనించలేదు. అందరి ముఖాలూ అలాగే తడిసి ఉన్నాయి మరి. సత్యరాజు మళ్ళీ లేవలేకపోయాడు.

క్లాసయ్యాక మెట్ల మీద కూర్చుండిపోయాడు. లోయిస్ నీళ్ళ సీసా అందించింది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"మొదటి రోజు నించీనండి. వేడికి కళ్ళమ్మట నీళ్ళొస్తన్నాయనుకున్నాను. ఆపబోతే ఆగలేదు. ఎవులూ ఏటని అడగలేదు." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఆ రోజు సమాధి దగ్గిర నా నోటికి చెయ్యడ్డం పెట్టినారు. నలుగురూ చూస్తన్నారు, విశ్వాసులుగా మన సాక్ష్యం పాడవుద్దన్నారు. నా బిడ్డని మట్టిలో పెడతంటే నన్ను ఏడవనియ్యలేదండీ మీరు!"

సత్యరాజు సీసా మెట్టు మీద పెట్టాడు.

"వాడు ఆస్పత్రిలో ఉన్న మూడ్రోజులూ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా చర్చిలో మోకాళ్ళ మీదున్నాను లోయిసూ. నా కొడుకు లేచి వస్తాడని అందరికీ చెప్పీసినాను. రాలేదు. నువ్వేడిస్తే, నేనూ ఏడుస్తాను. నేనేడిస్తే దేవుడు నా మాట ఇన్లేదని ఒప్పుకున్నట్టే. అంచేత నీ నోరు మూసినాను." తల ఎత్తకుండానే అడిగాడు. "వాడు పోయినప్పుడు నేను లేనుగదా. ఆఖర్న ఏటన్నాడు?"

ఏడాదిగా ఆవిడని ఎవరూ అడగని మాట అది. లోయిస్ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"నాకేం ఫర్వాలేదమ్మా, నాన్న మూడ్రోజులై తిన్లేదంట, ముందెళ్ళి అన్నం ఎట్టమ్మా అన్నాడండీ."

సత్యరాజు తువ్వాలు నోట్లో కుక్కుకోబోయాడు. కానీ ఏడుపు ఒక్క పెట్టున బయటపడింది. మెట్లు దిగుతున్నవాళ్ళు ఆగి చూశారు.

"జనం... జనం చూస్తన్నారు..." అన్నాడు వెక్కుతూ.

"చూడనీండి" అంటూ లోయిస్ ఆయన తలని తన భుజానికి చేర్చుకుంది.

కొడుకు పోయిన ఏడాదికి, ఆ మెట్ల మీద, ఆ తల్లీ తండ్రీ మొట్టమొదటిసారి కలిసి ఏడ్చారు.