ఉంగరాల జుట్టు

ముందురోజు సాయంత్రం నవ్వుతూ వెళ్ళిన అమ్మాయి మర్నాడు పొద్దున్నే షాపు తలుపు ఎంత గట్టిగా తోసిందంటే, నాన్న చేతిలోని రేజరు టక్కున ఆగిపోయింది. ఆ రేజరు కింద ఓ పెద్దమనిషి మెడ ఉంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఎవరు కత్తిరించింది దీన్ని?" అంటూ తలకు చుట్టుకున్న స్కార్ఫ్ లాగేసింది.

ఎవరు కత్తిరించారో ఆమెకు బాగా తెలుసు. కత్తెరతో ఆమె ఎదురుగా నిలబడింది నేనే. భుజాల దాకా ఉండాల్సిన జుట్టు చెవుల పక్కకి ఎగిరి కూర్చుంది. అదీ సమానంగా కాదు, ఎడమ వైపు ఇంకాస్త పైకి.

"మేడమ్, మీరు రెండు వేళ్ళ పొడవు తియ్యమన్నారు. నేను రెండు వేళ్ళే తీశాను."

"ఏ రాక్షసుడి వేళ్ళు?"

"నిన్న తడిగా ఉన్నప్పుడు కరెక్ట్‌గానే ఉంది కదండీ!"

"అంటే నేను జీవితాంతం తడి తలతో తిరగాలా? బకెట్ పట్టుకుని మీరు నా వెనకాలే వస్తారా?"

బెంచీ మీద వరుసగా కూర్చున్న మగాళ్ళంతా ఫక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకడికి చెంపల నిండా నురగ ఉంది, వాడికి కూడా నవ్వే!

"తప్పయిపోయిందమ్మా, డబ్బులు వెనక్కి ఇచ్చేస్తాం," అన్నాడు నాన్న.

"డబ్బులు వెనక్కొస్తాయి అంకుల్. జుట్టు వెనక్కొస్తుందా? ఎల్లుండి మా అక్క పెళ్ళి!"

ఆ మాట అంటున్నప్పుడు కళ్ళజోడు వెనక ఆమె కళ్ళు తడిశాయి. ఏడవడం ఇష్టం లేక కాబోలు, తలుపు ఇంకోసారి ధడాలున వేసి వెళ్ళిపోయింది. మా వీధి చివరి కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుందామె. ఆ షాపు ముందు నుంచి వెళ్ళకుండా నేను ఇంటికి కూడా చేరలేను. అదీ నా ఖర్మ.

జరిగిందేమిటంటే, ఉంగరాల జుట్టు తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. నేను దాన్ని తడిపి, దువ్వెనతో తీగలా లాగి, గీత గీసినట్టు కత్తిరించాను. నేను చేరిన ట్రైనింగ్ సెంటర్లో బొమ్మ తలలకు అతికించిన జుట్టంతా తిన్నగా ఉండేది. ఆ బొమ్మలకు అక్కల పెళ్ళిళ్ళు కూడా ఉండవు.

మాది మగవాళ్ళ సెలూను. నాన్నది. అందులో ఓ మూల ప్లైవుడ్ గోడ అడ్డం పెట్టించి, గులాబీ రంగు కర్టెన్ కట్టి, 'లేడీస్ హెయిర్ కట్' అని బోర్డు పెట్టింది నేను. మొదట్నుంచీ నాన్నకి ఇష్టం లేదు.

"మగాళ్ళ తలలు చాలట్లేదురా నీకు?" అనేవాడు.

చాలట్లేదు. అదే మీడియం కటింగు, అదే గడ్డం, అవే రాజకీయాలు. కొత్తగా ఏదైనా చెయ్యాలని నాకు మహా పట్టుదల. కానీ మొదట్లో ఎవరూ రాలేదు. వచ్చిన ఒకావిడ కర్టెన్ ఎత్తి చూసి, "ఆడవాళ్ళెవరూ లేరా?" అని అటు నుంచి అటే పోయింది. ఇంకొకావిడకి లేయర్లు కత్తిరిస్తే మేడ మెట్లలా వచ్చాయి. ఇప్పుడీ కళ్ళజోడు.

"ఈ నెలాఖరుకి ఆ గోడ తీసేస్తున్నా," అన్నాడు నాన్న ఆ రోజు. "అక్కడ ఇంకో కుర్చీ వేస్తా. ఆర్డర్ కూడా ఇచ్చేశా."

"ఇచ్చుకో!" అని అరిచి, బోర్డు నేనే పీకేశాను. నాన్న మీద కోపం, ఆ అమ్మాయి మీద కోపం, బొమ్మ తలల మీద కోపం. అన్నిటికంటే నా చేతుల మీద కోపం. ఇంక ఈ జన్మలో ఆడవాళ్ళ జుట్టు జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

పెళ్ళి అయిపోయిన వారంలోనే ఓ మధ్యాహ్నం దబదబా వాన మొదలైంది. గిరాకీ లేదు. నాన్న పేపరు మొహం మీద వేసుకుని కునుకు తీస్తున్నాడు. మళ్ళీ అదే తలుపు, మళ్ళీ అదే చప్పుడు.

వానగాలికి ఆమె జుట్టు రెట్టింపయింది. మొహం కంటే ముందు జుట్టే లోపలికొచ్చింది. నాకు నవ్వొచ్చింది. చచ్చినా నవ్వకూడదని పళ్ళు బిగబట్టాను.

"బోర్డేదీ?" అంది.

"తీసేశాను."

"ఎందుకు?"

"ఎందుకేంటండీ? మీరే కదా ఊరంతా వినపడేలా తిట్టిపోయారు!"

"తిట్టా. తిడితే మానేస్తారా?"

"మానేస్తా. నాకు చేతకాదు. ఒప్పుకున్నా. చాలా?"

"చాలదు!" గొడుగు నేలకేసి కొట్టింది. నాన్న మొహం మీది పేపరు కదిలింది. "నా తల పాడు చేసి నేర్చుకున్న పాఠం ఏమవ్వాలి? గాల్లో కలిసిపోవాలా? పారిపోవడానికి మీకు నా జుట్టే దొరికిందా?"

ఇన్నాళ్ళూ నన్ను చెయ్యొద్దని తిట్టినవాళ్ళే తప్ప, చెయ్యనందుకు తిట్టినవాళ్ళు లేరు.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"బాగు చెయ్యండి. ఇంతకంటే పాడవ్వడానికి ఇందులో ఏం మిగల్లేదు. భయం దేనికి?"

కర్టెన్ పక్కకి లాగి తనే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నేను అలవాటుగా నీళ్ళ స్ప్రే అందుకున్నాను.

"అది కింద పెట్టు," అంది.

మీరు కాస్తా నువ్వు అయింది. ఆ కోపంలో ఆమె గమనించలేదు. నేను గమనించాను.

అలా మొదలైంది. రోజూ భోజనం వేళ వచ్చేది. పొడి జుట్టు మీద, ఒక్కో ఉంగరం వేలికి చుట్టి, వదిలి, అది ఎక్కడ ఆగుతుందో చూసి, కొస మాత్రం తీసేవాణ్ణి. రోజుకు నాలుగైదు ఉంగరాలకు మించి కత్తెర పెట్టనిచ్చేది కాదు. ఇంటికెళ్ళి తల స్నానం చేసి, ఆరాక ఎలా ఉందో మర్నాడు వచ్చి తిట్టేది. ఒక్కో తల మీద ఉంగరాలన్నీ ఒక్కలాంటివి కావని నాకప్పుడే తెలిసింది. చెవి దగ్గరవి స్ప్రింగుల్లా ఎగురుతాయి. నడినెత్తివి బద్ధకంగా పడుకుంటాయి.

"కుడి వైపుది పొడుగ్గా ఉంది."

"లేదు. నువ్వు తల వంచావు."

"నేను వంచలేదు. నీ కళ్ళకే వంకర. మా షాపుకి రా, టెస్ట్ చేస్తా."

"నోరు కదిపితే చెవి తెగుతుంది."

"తెగనీ, అది కూడా నీ ఖాతాలోనే!"

ఒకరోజు మాత్రం తిట్టలేదు. అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?"

"చిన్నప్పట్నుంచీ మా అమ్మ దీన్ని నూనె పెట్టి, లాగి, జడ వేసేది. వదిలేస్తే పిచ్చుక గూడంట. అక్క పెళ్ళికి మొదటిసారి వదులుగా వేసుకోవాలనుకున్నా. ఎంత ధైర్యం కూడగట్టుకుని వచ్చానో తెలుసా నీ దగ్గరికి?" వెంటనే కోపం తెచ్చుకుంది. "ఫోటోలన్నిటిలోనూ స్కార్ఫే. నీ మూలాన!"

క్షమించమని అడగాలి. కానీ నా నోరు ఎప్పుడు సరైన మాట పలికింది గనక? "రేపు త్వరగా రా, వెనక వైపు మొదలుపెడదాం," అన్నాను. ఆమె తలూపింది. ఆ రాత్రంతా నా మీద నాకు కోపం. అయితే ఈసారి అది మానెయ్యమని చెప్పే కోపం కాదు. నేర్చుకుని తీరాలన్న కోపం.

అప్పట్నుంచి పొద్దున్నే లేచి షాపు తెరిచేవాణ్ణి. ఉంగరాల జుట్టున్న మగాడెవడు వచ్చినా నాన్న చేతిలోంచి లాక్కుని నేనే కూర్చోబెట్టేవాణ్ణి. చెయ్యి కుదిరింది. ఆమె జుట్టు కూడా రోజురోజుకీ ఓ ఆకారానికి వస్తోంది. కనుబొమల మీద పడే ఉంగరాన్ని ఉఫ్‌మని ఊదుకుంటూ ఆమె తిడుతుంటే, ఎందుకు తిడుతోందో కూడా నాకు వినపడేది కాదు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. జుట్టు బాగుపడిపోతోంది. పూర్తిగా బాగుపడితే ఇంక ఆమె ఇక్కడికి ఎందుకొస్తుంది?

నెలాఖరు రానే వచ్చింది. నాన్న కొత్త కుర్చీ మర్నాడు దిగుతుందన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె ఒంటరిగా రాలేదు. వెనకాల, జుట్టంతా బిగించి ముడి వేసుకున్న ఓ పెద్దావిడ. ఈసారి తలుపు తోసింది ఆవిడే; మా వీధిలో ఇంకే తలుపుకీ అంత చప్పుడు ఉండదు. కూతురికి ఆ చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది.

"నా కూతురి తల మీద రోజూ ప్రయోగాలు చేస్తోంది ఎవడు?"

"నేనేనండీ," అన్నాను. నాన్న పేపరు మడిచి లేచి నిలబడ్డాడు.

ఆవిడ కూతుర్ని కిటికీ వెలుగులోకి తిప్పింది. ముందు చూసింది, పక్కలు చూసింది. ఉంగరాల్లోకి వేళ్ళు పోనిచ్చి వదిలింది. అవి ఎక్కడివక్కడ చక్కగా సర్దుకున్నాయి.

"ఊఁ," అంది. ఇంకోసారి చూసింది. "పిచ్చుక గూడులా లేదే!"

అని, అందరూ చూస్తుండగానే తన ముడికున్న పిన్నులు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. ముడి విడిపోయింది. భుజాల మీదికి నెరిసిన ఉంగరాలు దొర్లాయి. ఆ ముడి విప్పగా ఎన్నడూ చూడనట్టు కూతురు నోరు తెరిచింది.

"అమ్మా! నీదీ ఉంగరాల జుట్టేనా?"

"నీకు మరి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావే? మా అమ్మ నాకు లాగి కట్టింది, నేను నీకు లాగి కట్టా." ఆవిడ గొంతులోనూ కోపమే. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. "బాబూ, తర్వాత నాది చెయ్యి. కానీ ముందు ఇది చెప్పు. వెనకాల మెడ మీద ఈ ఒక్క ఉంగరం ఎందుకు వేలాడుతోంది? ఇది కనపడలేదా నీకు?"

నేను చేతిలోని పిన్నులు లెక్కపెట్టసాగాను.

నాన్న వచ్చి వంగి చూశాడు. దాన్ని వేలితో అటూ ఇటూ తిప్పాడు. నా మొహం చూశాడు.

"ఇది పొరపాటు కాదమ్మా," అన్నాడు. "మావాడు పొరపాటు చేస్తే ఇంతకంటే ఘోరంగా ఉంటుంది. ఇది కావాలని వదిలిందే."

ఆమె గిర్రున తిరిగింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"కావాలనే వదిలావా?"

"అదీ..."

"నమ్మి నా తల నీ చేతుల్లో పెడితే, నాకు కనపడని చోట చూసి వంకర పెడతావా? ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన వారం నుంచి."

"ఎందుకు?"

"ఎందుకో తెలీదా?"

"తెలీదు! చెప్పు!"

"సరిగ్గా కత్తిరిస్తే నువ్వు మళ్ళీ రావు కదా!" అని అరిచేశాను. "నాకు నువ్వు కావాలి! రోజూ వచ్చి తిట్టినా సరే, నువ్వు రావాలి! ఇంక కత్తిరించడానికి ఏం మిగలకపోతే ఏ వంక పెట్టుకుని వస్తావ్?"

బయట పొద్దుటి వానకి చూరు నీళ్ళు టప్‌టప్‌మంటున్నాయి. చేతిలో ఆవిడ పిన్నులు గుచ్చుకుంటున్నా పిడికిలి విప్పలేదు. నాన్న గొంతు సవరించుకుని, ఫోను తీసుకుని, కర్టెన్ అవతలికి నడిచాడు. "ఆఁ, రేపటి కుర్చీ పంపకండి. చోటు లేదు," అనడం వినపడింది.

ఆమె కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, నన్ను తేరిపార చూసింది. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. సగం కోపానికే.

"పుట్టినప్పట్నుంచీ ఈ షాపులోనే ఉన్నావు కదా?" అంది.

"ఉన్నా."

"మీ నాన్న దగ్గరికి వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ రావడం చూశావు కదా?"

"చూశా."

"మరి నీకెవరూ చెప్పలేదా," అని నా షర్టు కాలరు పట్టుకుని దగ్గరికి లాగింది, "జుట్టు పెరుగుతుందని! మొద్దూ!"