బాయిలర్ ఆపిన రోజు

మీటర్ గదిలో టెక్నీషియన్ గిద్యోను చచ్చి పడి ఉన్నాడు. చేతిలో ఏసీ వైరు. తల వెనక దెబ్బ.

మర్నాడు పొద్దున సీఐ సుభాషిణి తడ ఊరి దగ్గరి ఆ రొయ్యల మేత ఫ్యాక్టరీకి వచ్చేసరికి కేసు దాదాపు తేల్చేశారు. ఏసీ మెకానిక్ యాసీన్ వైరు వదులుగా వదిలేశాడు, షాక్ కొట్టి టెక్నీషియన్ పోయాడు. మధ్యాహ్నం కోర్టుకు. యాసీన్‌ను జీపులో కూర్చోబెట్టారు. గేటు బయట అతని తల్లి జమాల్‌బీ నేల మీద కూర్చుని ఉంది.

మూడు రోజులుగా బందోబస్తు డ్యూటీ చేసిన సుభాషిణికి కూడా ఆ మాట నమ్మాలనే ఉంది. నమ్మితే ఇంటికి వెళ్లి పడుకోవచ్చు.

"వైరు బిగించినావా?"

"బిగించి టేపు చుట్టినా మేడం. గిద్యోనన్న చల్లగుందిరా అని తలుపేసుకున్నాడు. నేను పోయినా."

గేటు కెమెరాలో యాసీన్ బయటికి పోయింది 4.10కి. ఐదింటికి శవాన్ని చూసింది మేనేజర్ ముఖేష్. మీటర్ గదికి ఉన్నది ఒకే తలుపు. అది ముఖేష్ కుర్చీలోంచి కనిపిస్తుంది.

"యాసీన్ పోయాక లోపలికి ఎవరు వెళ్లారు?"

"ఎవరూ వెళ్లలేదు. నేను సీటులోంచి లేవలేదు మేడం. ఐదింటికి తలుపు తీసింది నేనే."

ఆ గదిలో ఒక మెషీన్ ఉంది. పొగగొట్టం నుంచి సన్నని పైపుతో పొగ లాగి, కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలుస్తుంది. రాష్ట్రం తెచ్చిన ఉద్గారాల తగ్గింపు చట్టం ప్రకారం ఏ ఫ్యాక్టరీ అయినా ఏడాదికి ఇంతకు మించి వదలకూడదు. మెషీన్ చూపే అంకె నేరుగా కాలుష్య నియంత్రణ బోర్డుకు పోతుంది. నిన్న బాయిలర్ ఆపామని ముఖేష్ బోర్డుకు చెప్పాడు. అంకె కూడా అట్టడుగునే ఉందని, అక్కడికొచ్చిన బోర్డు ఇంజినీరు వినీల చెప్పింది.

సుభాషిణి వెళ్లబోయి ఆగింది. పొగగొట్టం నుంచి రావలసిన పైపు ఊడి, గది నేల మీద పడి ఉంది.

అంటే నిన్న మెషీన్ లాగింది పొగ కాదు, గదిలో గాలి.

నిన్నటి గ్రాఫ్ పెద్దది చేసి చూపించమంది. అడుగున గీత చదునుగా లేదు, మెల్లగా పైకి ఎక్కుతోంది, మధ్యలో వాలు మారుతోంది.

సుభాషిణి ముఖేష్‌ను, వినీలను గదిలోకి పిలిచి తలుపు మూసింది. అడిగిన ప్రశ్నలే మళ్లీ నింపాదిగా అడిగింది. ఉక్కపోత. స్క్రీన్ మీద గీత ఎక్కుతోంది. తలుపు తీసి గాలాడనిచ్చి, వినీలను పంపేసి మళ్లీ మూసింది. చివరికి తనూ బయటికొచ్చి ముఖేష్‌ను ఒక్కడినే ఉంచింది.

తర్వాత యాసీన్‌ను కూడా పిలిపించి, గ్రాఫ్ ముందు నిలబడింది.

"ఇది ముగ్గురి ఊపిరి. ఇది ఇద్దరిది. ఇది ఒక్కరిది. మనుషులు తగ్గేకొద్దీ వాలు తగ్గింది. ఇప్పుడు నిన్నటిది చూడండి. యాసీన్ పోయాక కాసేపు ఒక్కరి వాలు. తర్వాత ఇద్దరిది. ఆ తర్వాత మళ్లీ ఒక్కరిదే."

సుభాషిణి ముఖేష్ వైపు తిరిగింది.

"గిద్యోను పోయాక కూడా ఈ గదిలో ఒకరు ఊపిరి పీలుస్తూ ఉన్నారు ముఖేష్ గారూ. ఇంకెవరూ రాలేదన్నది మీరే."

ముఖేష్ గోడకు ఆనుకున్నాడు. బాయిలర్ ఆగలేదని, పైపు పీకించారని బోర్డుకు చెప్పేస్తానన్నాడట గిద్యోను. "నెట్టాను. తల మెషీన్‌కు కొట్టుకుంది."

"వైరు?"

"పోయాడని తెలిశాక పీకి చేతిలో పెట్టాను."

పైపు పీకినందుకు చట్టంలో జరిమానా కూడా ఉందని వినీల గుర్తుచేసింది. ఎంతని సుభాషిణి అడగలేదు.

ముఖేష్‌ను జీపెక్కించారు. యాసీన్ మాత్రం గదిలోనే నిలబడి, వేలాడుతున్న వైరును చూస్తున్నాడు.

"పో. మీ అమ్మ గేటు కాడుంది."

"దీన్ని బిగించి పోతా మేడం. రేపు ఇంకెవురికన్నా కొడితే మళ్లా నా పేరే చెప్తారు."

"ముట్టుకోబాక. అది సాక్ష్యం."

యాసీన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయితే, నేను ముట్టుకోలేదని రాసియ్యండి."

సుభాషిణి కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్ను తీసి రాసిచ్చింది.