నీళ్లలో కరగని మత్తు

జనగామ లాడ్జిలో ఏజెంట్ మాజిద్‌ను ఎవరో కాల్చి చంపిన మర్నాడే అతని మిషన్ అరుంధతి నెత్తిన పడింది.

"టార్గెట్ గోదావరి బరాజ్ కంట్రోల్ రూమ్," అన్నాడు చీఫ్ ఫోన్లో. "మధ్యాహ్నానికి వరద వస్తుంది. గేట్లు నడిపే సిబ్బందికి పొద్దున్నే తిండిలో టీహెచ్‌సీ, అంటే గంజాయిలోని మత్తు పదార్థం, పెట్టాలని విదేశీ ముఠా ప్లాన్. మత్తులో గేట్లు ఎత్తకపోతే ఊళ్లు మునుగుతాయి."

"నాకు మోకాళ్ల నొప్పులు సార్."

"కెమిస్ట్రీ తెలిసినదానివి నువ్వే ఉన్నావు."

తెల్లారేసరికి ఆమె మహదేవపూర్ దగ్గరి బరాజ్ క్యాంటీన్లో వంటమనిషి వేషంలో ఉంది. ముఠాలో మన మనిషి రాకేశ్ వచ్చాడు. సినిమా హీరోలా ఉంటాడు, ఖరీదైన సెంటు కొడతాడు.

"చాయ్‌ల అల్లం ఉన్నదా?"

"మిరియాలే ఉన్నయి."

కోడ్ కలిసింది. రాకేశ్ గొంతు తగ్గించాడు. "అక్కా, మందు వాటర్ ట్యాంకర్ల కలిపిండ్రు. కాటారం దాటింది. నీ గార్డులను గటు పంపు."

అరుంధతి వాకీటాకీ అందుకుని, ఆగిపోయింది. టీహెచ్‌సీ నీళ్లలో కరగదు. జిగురులా తేలి గోడలకు అంటుకుంటుంది. కరిగేది కొవ్వులోనే. పైగా పొగలా పీలిస్తే త్వరగా దిగిపోతుంది. తింటే మెల్లగా ఎక్కి, లివర్‌లో ఇంకా బలమైన పదార్థంగా మారి, పూటంతా వదలదు. ముఠా కెమిస్టుకు ఇది తెలియకుండా ఉంటుందా?

అవతల వంట చేసే ఎల్లక్క, గేట్ల ఆపరేటర్ నగేష్ ప్లేటులోని ఇడ్లీల మీదికి నెయ్యి గరిటె వంచుతోంది.

"ఆగక్కా."

అరుంధతి పెన్ను తీసింది. అందులో ఇంకు బదులు, టీహెచ్‌సీ తగిలితే ఎర్రబడే రసాయనం. గరిటెలోని నెయ్యి కాగితం మీద రాసి, పెన్ను ఆనించింది. మరక ఎర్రబడింది.

"గీ నెయ్యి ఎవరు తెచ్చిండ్రు?"

"గా సెంటు పిలగాడే. ఇంటి నెయ్యని ఇచ్చిండు."

రాకేశ్ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అరుంధతి మరుగుతున్న సాంబారు గిన్నెను అతని కాళ్ల మీదికి తన్నింది. పిస్టల్ జారిపడింది. గార్డులు అతణ్ని అదిమి పట్టారు.

"మాజిద్‌ను కూడా నువ్వేనా?"

"నన్ను నమ్మిండు అక్కా," అన్నాడు రాకేశ్, తలెత్తకుండా.

ఆమెకు కోపం కూడా రాలేదు. ఒళ్లంతా అలసటే.

వరద వచ్చేసరికి నగేష్ గేట్లన్నీ ఎత్తాడు. చీఫ్ మళ్లీ ఫోన్ చేశాడు. "శభాష్. సాయంత్రానికి మహబూబాబాద్ చేరుకో. ఇంకో కేసు."

ఎల్లక్క పక్కన కూలబడింది. "గింత పరేషాన్ నౌకరీల ఎందుకు చేరినవ్ చెల్లె?"

"కుర్చీల కూసునే పనని చెప్పిండ్రక్కా."