పక్కన పడేసిన ముక్కలు

పొద్దున్నే పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయి. బుల్లి పక్కనే నిలబడి చూస్తోంది.

"చూస్తూ నిలబడ్డావేంటే? కట్టెయ్యి!" అంటూ నాన్న పరుగున వచ్చి స్టవ్ ఆపాడు.

బుల్లికి కోపం రాలేదు, సిగ్గూ వెయ్యలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆమె మనసుకు ఏదీ తగలడం లేదు. అందరూ ఏడ్చిన రోజున కూడా ఆమె వచ్చినవాళ్లకు కుర్చీలు సరిపోయాయో లేదో చూసుకుంది. రాయిలా ఉందని పిన్ని చాటుగా అంది. పిన్ని చాటుగా అనే మాటలన్నీ అందరి చెవినా పడేలాగే ఉంటాయి.

తండ్రీ కూతుళ్లిద్దరిదీ డాక్యుమెంటరీలు తీసే పనే. ఒక ఒరలో రెండు కత్తులు. నాన్నది పాత పద్ధతి, తెర మీద బొమ్మ నడుస్తుంటే గంభీరమైన గొంతు ఒకటి అంతా వివరించాలి. ఆ గొంతు ఆయనదే. బుల్లి మాత్రం కెమెరా ఒక మూల పెట్టి, ఏమీ అడగకుండా, ఏమీ చెప్పకుండా, జరిగింది జరిగినట్టు తీస్తుంది. "నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని కూర్చోవడమూ ఒక పద్ధతేనా?" అని ఆయన వేళాకోళం చేసేవాడు.

మంచం పట్టిన అమ్మను కూడా బుల్లి అలాగే తీసింది. అమ్మే తియ్యమంది. ఆదివారం ఆ సినిమా చూడ్డానికి చుట్టాలంతా వస్తున్నారు. ముందు తను చూస్తానని నాన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

తెర మీద అమ్మ బల్ల మీది నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాస్తోంది. అందడం లేదు. మళ్లీ చాస్తోంది.

"అందించొచ్చుగా!" అన్నాడు నాన్న.

"మధ్యలో వెళ్తే అంతా పాడవుతుంది. ఆవిడ బతుకు ఆవిడదిగానే కనిపించాలి."

"ఆవిడేంటే? మీ అమ్మ! ఇలా చూపిస్తే నలుగురూ ఏమనుకుంటారు? నేను నాలుగు మాటలు రాసి చదువుతాను."

"నీ గొంతు వద్దు నాన్నా. పెళ్లైన కొత్తలో నువ్వు తీసిన దాంట్లో అమ్మ నవ్వుతూ ఏదో చెప్తుంది. వినపడేది నువ్వే."

"మీ అమ్మ మాట చెరిపేసి నాది ఎక్కించాను. అప్పుడేం చెప్పిందో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు," అన్నాడు నాన్న. తర్వాత తెర వైపు చూశాడు. "మరి నీ దాంట్లోనూ మీ అమ్మ మాట ఒక్కటీ లేదేం?"

"కెమెరా వైపు చూసి మాట్లాడినవన్నీ కోసేశాను. అలా చూస్తే ఆ ముక్క నా పద్ధతికి పనికిరాదు."

"పారేశావా?"

"లేదు. పక్కన పడేశాను."

"పెట్టు."

బుల్లి పెట్టింది. అమ్మ సూటిగా చూసింది. "మీ నాన్నేమో నన్ను మాట్లాడనివ్వడు, నువ్వేమో నాతో మాట్లాడవు. మంచి జతే దొరికారు నాకు!" నాన్న ఫక్కున నవ్వి, తువ్వాలుతో మొహం దాచుకున్నాడు.

తర్వాతి ముక్కలో నీళ్ల గ్లాసు అమ్మ చేతిలో ఉంది. "అందిందిలే. నువ్వేం బాధపడకు," అంది. రెండు గుక్కలు తాగి, మళ్లీ చూసింది. "తిన్నావా బుల్లీ?"

జవాబు లేదు. అమ్మ అలాగే చూస్తూ ఆగింది. ఆ రోజు కెమెరా వెనక తన ఊపిరి కూడా వినపడకూడదని బుల్లి పెదవులు బిగించుకుంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. తెర మీద అమ్మ ఇంకా ఎదురుచూస్తోంది.

"తినలేదమ్మా," అంది బుల్లి.

ఇన్నాళ్లూ ఎక్కడుందో తెలియని ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. నాన్న ఆమె తల నిమిరాడు. లేచి వంటింట్లోకి వెళ్లాడు, కంచం చప్పుడైంది.

"ఆపకు, వస్తున్నా," అని కేకేశాడు లోపల్నుంచి. "ఆదివారం ఇవే చూపిద్దాం."