కంకర మీద తోటకూర

“నా సేపల్ని ఎవరు సంపేసేరండీ...!”

శ్రీదేవి కేక విని భర్త తాతబ్బాయి పరుగున మేడ ఎక్కాడు. ప్లాస్టిక్ తొట్టెలో నలభై బొచ్చె చేపపిల్లలు నోళ్ళు పైకి తెరిచి ఊపిరి కోసం గిలగిల్లాడుతున్నాయి!

“మీ పనే! నిన్న ఎగతాళి సేసింది మీరే కదా?”

“కంకరలో కూర పండిత్తానంటే నవ్వేను గానీ, సంపడానికి నాకేటి పనే?”

నక్కపల్లి దగ్గరి పొలం నాలుగు లైన్ల రోడ్డులో కలిసిపోయాక వాళ్ళు అనకాపల్లి అద్దె ఇంటికి వచ్చారు. ఆ రోజు నుంచి అత్త కాసులమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మాట లేదు, తిండి సయించదు. ఏడాదిగా మనిషి కళ్ళముందే కరిగిపోతోంది... ఆవిడను ఎలాగైనా లేపాలనే శ్రీదేవి రేడియోలో విని ఇదంతా మొదలుపెట్టింది. చేపలు తిరిగిన నీళ్ళు మోటారుతో కంకర మడిలోకి ఎక్కుతాయి. వాటి మలినమే తోటకూరకు ఎరువు. మొక్కలు తేటపరిచిన నీరు తిరిగి చేపలకే!

“ఆణ్ణి అనకే కోడలా... నేనే సేసేను.”

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మెట్ల మీద కాసులమ్మ! చేతిలో తెల్లటి గుళికల సంచి.

“నిన్న సందేళ మేడెక్కి సూత్తే ఆకు పసుపెక్కిపోతంది, మనసొప్పలేదే... పొలానికి తెచ్చిన యూరియా మిగిలింది. గుప్పెడేసేను. సేపల సంగతి తట్టలేదే తల్లీ!”

శ్రీదేవి కోపం మరిచిపోయింది. అత్త మంచం దిగింది! మేడెక్కింది! మొక్క కోసం బెంగపడింది!

“మీకోసమే కదత్తా ఇదంతా...” అంటూ బావురుమంది.

“ఏడుపు తరవాత! ముందు బావినీళ్ళు తే!” కాసులమ్మ కొంగు బిగించింది. “ఒరే, సూత్తావేట్రా? బకెట్టందుకో!”

మోటారు ఆపారు. చేపల్ని మంచినీళ్ళ గంగాళాల్లోకి మార్చారు. తొట్టె కడిగారు, మడి కడిగారు. మధ్యాహ్నానికి తొమ్మిది చనిపోయాయి... ముప్ఫై ఒకటి తోకలాడించాయి!

కంకర కడుగుతూ కాసులమ్మ ఒక తోటకూర మొక్కను పైకి తీసింది. కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. వేళ్ళు! పాలనురగలా తెల్లగా, జడంత పొడవున, మట్టి మచ్చ లేకుండా, ఆవిడ అరచేతిలో తడితడిగా మెరుస్తున్నాయి.

“నలభై ఏళ్ళు సేద్దెం సేసేను...” ఆవిడ ఒక్కో వేరునూ మెల్లగా నిమిరింది. “ఏరు ఇంత అందంగా ఉంటాదని ఒక్కనాడూ సూడనేదే!”

పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దాన్ని కంకరలో సర్దింది. తరువాత కోడలి పక్కన చతికిలబడింది.

“నువ్వు సెప్పవే, అమ్మా... నేను నేర్సుకుంటాను.”