బావ లారీ తలుపులు

వీధిలో అతన్ని అందరూ సూక్ష్మం అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది అతను పనిచేసే కళ్లజోళ్ల షాపు యజమాని. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అతనిది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకునేవాడు కాదు, మళ్లీ మొదటికి వచ్చేవాడు. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు విసుగెత్తి బల్ల మీద వేళ్లతో దరువు వేస్తున్నా తల ఎత్తేవాడు కాదు.

ఇంటికొచ్చాక ఇంకో పిచ్చి. ప్లాస్టిక్ లారీ కిట్లు. అసలు లారీలో ఇరవై నాలుగో వంతు ఉండేలా, ముక్కలు ముక్కలుగా డబ్బాలో వస్తాయే, అవి. కొత్తవాటి జోలికి పోయేవాడు కాదు. ఎప్పుడో తయారీ ఆగిపోయినవి, డబ్బా అట్ట చివికిపోయినవి, స్టిక్కర్లు పసుపెక్కినవి వెతికి వెతికి తెచ్చుకునేవాడు. ఆ పాత కిట్లలో అంతా మొరటు వ్యవహారం. పొగగొట్టానికి బెజ్జం ఉండదు. అద్దాలు సీసా అడుగంత మందం. తలుపులు క్యాబిన్‌తో కలిసే పోతపోసి ఉంటాయి. సూక్ష్మం పొగగొట్టానికి బెజ్జం వేసేవాడు, రాగి తీగతో బ్రేకు గొట్టాలు లాగేవాడు, పాత సైకిల్ ట్యూబు కోసి చక్రాల వెనక మడ్‌ఫ్లాపులు వేలాడదీసేవాడు. అన్నిటికన్నా చివర తలుపులు. సన్నని బ్లేడుతో గీత వెంబడే ఓపిగ్గా గీసి, తలుపును విడదీసి, కీలు పెట్టి, తెరుచుకునేలా మళ్లీ బిగించేవాడు. తలుపు తెరుచుకోని లారీ చచ్చిన లారీ అని అతని సిద్ధాంతం.

ఇంట్లో ఉండేది అతనూ, అక్కా. అతని దగ్గర పెళ్లి ఊసెత్తి ఎత్తి చుట్టాలు ఎప్పుడో అలిసిపోయారు. అక్క ఈ ఇంటికి వచ్చింది బావ పోయాక. బావ లారీ డ్రైవరు. ఒక వాన రోజు లారీ వంతెన గోడ విరగ్గొట్టుకుని కాలవలోకి దిగిపోయింది. తలుపులు రెండూ బిగుసుకుపోయాయి. నీళ్లు పైకి వస్తున్నంతసేపూ ఆయన లోపల్నించి అద్దం మీద కొడుతూనే ఉన్నాడని గట్టు మీద నిలబడి చూసినవాళ్లు చెప్పారు.

అప్పట్నించీ అక్క మాట పడిపోయినట్టే అయింది. వండుతుంది, ఉతుకుతుంది, పిలిస్తే పలుకుతుంది. అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. ఒకప్పుడు ఆమె నోరు తెరిస్తే పక్కింటివాళ్లు కూడా కడుపుబ్బ నవ్వేవారు. తమ్ముడికి ఇది పెద్ద బెంగ అయిపోయింది. బావంటే అతనికి ప్రాణం. చిన్నప్పుడు తనను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టనిచ్చిన మనిషి. మొదటి కిట్ కొనిచ్చిందీ ఆయనే. అందుకని అచ్చం బావ లారీనే చేసి, తలుపులు బార్లా తెరిచి అక్క చేతిలో పెడితే, ఆమె ఒక్కసారి గట్టిగా ఏడ్చేసి మళ్లీ మామూలు మనిషి అవుతుందని గట్టిగా నమ్మాడు. అక్క మళ్లీ మాట్లాడాలి, అతనికి కావలసింది అదొక్కటే. ఏమైందో ఆమెనే కూర్చోబెట్టి అడగొచ్చన్న సంగతి మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

బావ లారీ ఫోటోలు ఉన్నవన్నీ పోగేసి భూతద్దం కింద పెట్టాడు. బంపరు చివర వంపు, మెట్టు మీద పెచ్చులూడిన రంగు, పక్క సీటుకి ఎదురుగా డాష్‌బోర్డు మీద పడిన సొట్ట, ఏదీ వదల్లేదు. ఒక ఫోటోలో క్యాబిన్ పక్కన అక్క కూడా నిలబడి ఉంది. ఆమె భుజం వెనక సైడు అద్దం బిగింపు స్పష్టంగా కనిపిస్తోందని ఆ ఫోటో అతనికి మరీ ఇష్టం.

తలుపులు కోసి కీళ్లు పెట్టిన మర్నాడు పొద్దున చూస్తే రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. కీలు దగ్గర వేసిన జిగురు సందులోకి పాకిందనుకున్నాడు. తన చేతిని తానే తిట్టుకుని మళ్లీ కోశాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే. ఈసారి లోపలి అద్దాలు కూడా తెల్లగా మసకబారాయి. అదేం వింత కాదు. చిటికెలో పట్టేసే జిగురు ఆవిరికి ప్లాస్టిక్ అద్దం తెల్లబారుతుంది, ఈ పని చేసే ప్రతివాడికీ తెలిసిన తలనొప్పే. దానికి మందు ఒక్కటే, లోపలికి గాలి ఆడాలి, తలుపులు తీసి ఉంచాలి.

"అక్కా, నా గదిలోకి వచ్చావా?" అని అడిగాడు భోజనం దగ్గర.

"ఊడ్చాను."

"బల్ల మీదవి ముట్టుకోకు."

ఆమె ముద్ద కలుపుతూ అంది. "ఆ తలుపులు మూసే ఉంచరా. అలాగే బాగుంది."

ఎన్నో నెలల తర్వాత ఆమె తనంతట తాను అన్న మాట అది. సూక్ష్మం నవ్వేసి, "నీకు తెలీదులే అక్కా" అన్నాడు. ఆమె లేచి చెయ్యి కడుక్కుంది.

ఇక జిగురుని నమ్మి లాభం లేదని, ఇత్తడి గొట్టం ముక్కలతో కొత్త కీళ్లు చేశాడు. గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని తిరిగాడు. ఆదివారం మధ్యాహ్నం చివరి పూత రంగు కొట్టడానికి కూర్చున్నాడు.

ఆ గది ఒకప్పుడు సామాన్లు పడేసుకునే కొట్టు. గడియ బయటే ఉంటుంది. తడి రంగు మీద దుమ్ము వాలకూడదని కిటికీకి ప్లాస్టిక్ పట్టా వేసి, అంచులన్నీ టేపుతో మూసేశాడు. ఫ్యాన్ కూడా ఆపేశాడు. బయట ఎండ మండిపోతోంది. లోపల పట్టా గుండా వచ్చే మురికి పసుపు వెలుగు, బల్ల దీపం, థిన్నర్ ఘాటు. రంగు ఆరాక పుల్ల మొనతో తలుపులు రెండూ లాగాడు. వెన్నలా తెరుచుకున్నాయి. చేసిన పని చూసుకుని మురిసిపోయాడు.

అప్పుడు తెలిసింది, థిన్నర్ ఘాటు లేదు.

దాని చోట ఇంకేదో వాసన. నిలవ నీళ్లు, బురద, అందులో కలిసిన డీజిలు. ఆరని బట్టలు మూట కట్టి మర్చిపోతే వచ్చే కంపు. మురుగు గొట్టం పొంగిందేమోనని గోడ వైపు చూశాడు. గోడ పొడిగానే ఉంది.

మళ్లీ లారీ వైపు తిరిగేసరికి ముందు అద్దం మసకేసి ఉంది.

జిగురు ఆవిరి... అనుకున్నాడు. అలవాటు కొద్దీ అనుకున్నాడు. ఇవాళ జిగురు మూత తియ్యనేలేదని మరుక్షణమే గుర్తొచ్చింది. భూతద్దం లాగి చూశాడు. ఆ మసక మధ్యలో అడ్డంగా ఒక చార. ఎవరో మోచేత్తో తుడిచినట్టు. జిగురు మసక తుడిస్తే పోదు, సాన పట్టాలి. పైగా ఆ చార బయటివైపు లేదు.

లోపలివైపు ఉంది.

టిక్... టిక్... టిక్...

గోటితో అద్దం మీద కొట్టినట్టు, చెవి పెడితే తప్ప వినపడనంత చిన్న చప్పుడు. సూక్ష్మం భూతద్దం ఇంకా దగ్గరికి లాగాడు. అతను ఆ లారీలో డ్రైవరు బొమ్మ పెట్టలేదు. పాత గొడుగు గుడ్డతో తొడుగు వేసిన ఖాళీ సీటు, అంతే. ఇప్పుడా గుడ్డ తడిసి నల్లబడి ఉంది. మధ్యలో నొక్కుకుపోయి ఉంది. అతను చూస్తుండగానే ఆ నొక్కు మెల్లగా పైకి తేలింది... బరువు దిగినట్టు.

టిక్కుమనడం ఆగిపోయింది.

డ్రైవరు వైపు తలుపు ఇంకాస్త తెరుచుకుంది. ఆ కీలు అంత దూరం తిరగదు. తిరగకుండా తనే అడ్డు పెట్టాడు. బల్ల మీద పరిచిన కాగితం మీద, లారీ మెట్టు కింద, బియ్యపుగింజంత తడి మచ్చ. దాని ముందు ఇంకోటి, చింతగింజంత. ఇంకాస్త ఇవతల ఇంకోటి, అరచేయంత. ఆ తర్వాత బల్ల అంచు...

నేల వైపు చూడడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

గది తలుపు చప్పుడైంది. అక్క. చేతిలో టీ గ్లాసు. గడప మీదే ఆగిపోయింది. ఆమె కళ్లు తిన్నగా లారీ మీదికి పోయాయి.

"తెరిచావా?" అంది గుసగుసగా.

"అక్కా... ఇక్కడ ఏదో..."

"రెండుసార్లు అతికించాను కదరా. నీకు అర్థం కాలేదా?"

"నువ్వా? ఎందుకు?"

"నువ్వు ఒక్కో ముక్క పెడుతుంటే ఆయన ఒక్కో అడుగు దగ్గరికొచ్చాడు. గొట్టాలు పెట్టావు, వంటింట్లో దగ్గు వినపడింది. సీటు వేశావు, నా పక్కలో కాలవ వాసన. తలుపులొక్కటే మిగిలాయి. ఆ రోజు కాలవలో అవి తెరుచుకోలేదు కాబట్టే నేను ఆయన చేతుల్లోంచి బతికి బయటపడ్డాను."

"బావ గురించా నువ్వు అంటున్నది?"

ఆమె చెవి పైన జుట్టు పక్కకి తీసింది. అక్కడ వెంట్రుకలు మొలవని మచ్చ, వంకరగా, లోతుగా. "డాష్‌బోర్డు మీద సొట్ట ఎంత బాగా చేశావో. ఫోటో చూసి చేశావు కదూ. దేనికి గుద్దుకుని పడిందో ఫోటోలో ఉండదులే."

సూక్ష్మం ఆ డాష్‌బోర్డు వైపు చూశాడు. ఆ సొట్ట కోసం మూడు ముక్కలు పాడు చేసి, నాలుగోదానికి సరిగ్గా వచ్చిందని ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. "నాకు చెప్పాల్సింది కదక్కా."

"చెప్పాను. మా ఇంటి మెట్ల మీద నీ చెయ్యి పట్టుకుని చెప్పాను. బావ మంచోడే అక్కా, నువ్వే కాస్త సర్దుకుపోవాలి అన్నావు. తర్వాత లారీ ఎక్కి ఆయన పక్కన కూర్చున్నావు."

అతనికి ఆ రోజు గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు. అక్క మాట ఎప్పుడు చెవిన పెట్టాడు గనక, అందుకే అది నిజమని తెలిసిపోయింది, సిగ్గుతో ఒళ్లంతా మండింది.

అక్క ఇప్పుడు అతని వైపు చూడడం లేదు. అతని భుజం మీదుగా, వెనక్కి, కాస్త పైకి చూస్తోంది. బావ అతనికన్నా పొడుగు. ఆమె మెల్లగా వంగి, గ్లాసు తొణక్కుండా గడప పక్కన పెట్టింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"అక్కా, నన్నూ రానీ."

"నువ్వంటే ఆయనకి ప్రాణం కదరా" అంది. ఆ గొంతులో కోపం లేదు, అసలేమీ లేదు. "నిన్నేం చెయ్యడు. కాస్త సర్దుకుపో."

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

సూక్ష్మం తలుపు మీద పడ్డాడు. రెండు చేతులతో కొట్టాడు. అక్కా, తప్పయిపోయింది అన్నాడు, ఇంకెప్పుడూ నీ మాట కాదనను అన్నాడు. అవతల అడుగుల చప్పుడు లేదు. ఆమె వెళ్లలేదు, తలుపుకి ఆనుకునే నిలబడి ఉంది. ఇవతల అతని వీపు మీద చల్లగా ఎవరిదో ఊపిరి... తడి ఊపిరి. వెనక్కి తిరగలేదు. కొట్టాడు. అరచేతులు మంటెత్తేదాకా, మోచేతులు పట్టు తప్పేదాకా కొట్టి, ఇక ఓపిక లేక చేతులు దించేశాడు.

తలుపు మీద చప్పుడు ఆగలేదు.

అతని తలకి జానెడు పైన, అదే చెక్క మీద, నిదానంగా. దబ్... దబ్... దబ్... ప్రతి దెబ్బకీ చెక్క మీద నీళ్లు చింది అతని నుదుటి మీద పడుతున్నాయి.

బయట అక్క గొంతు చాలా దగ్గరగా వినిపించింది. వణుకుతోంది. ఏడుస్తోంది. ఇన్నాళ్లూ అతను కోరుకున్నట్టే ఏడుస్తోంది.

"తమ్ముడూ... కొడుతోంది నువ్వేనా? నిన్నక్కడ వదలకూడదురా. తీసేస్తున్నాను. నువ్వేనని ఒక్క మాట చెప్పు."

కాదు అనాలి. తియ్యొద్దు, పారిపో అనాలి. పుట్టి బుద్ధెరిగాక అక్క కోసం అనవలసిన మాట అదొక్కటే. సూక్ష్మం నోరు తెరిచాడు. నోట్లోంచి మాట రాలేదు. నీళ్లు వచ్చాయి, గోరువెచ్చటి బురద నీళ్లు, ఇసుకతో సహా. గొంతు పట్టుకుని తలుపు వారగా జారి కూలబడ్డాడు.

అతని తల పైనుంచి, అచ్చం అతని గొంతుతోనే, జవాబు వెళ్లింది.

"నేనేనక్కా."

గడియ సగం దాకా కదిలి ఆగింది.

తర్వాత మిగతా సగం కదిలింది.