గడ్డి పూసేదాకా

"ఆగండి! ముందు ఆ కాలు తీయండి!"

టేపుతో కొలతలు తీసుకుంటున్నవాణ్ణి ఉలిక్కిపడి ఒంటికాలి మీద నిలబడ్డాను. గుమ్మంలో ఒకమ్మాయి. మెడలో కళ్లజోళ్ల షాపు ఐడీ కార్డు, చేతిలో పెద్ద కత్తెర.

"ఏం తొక్కానండీ?"

"ఫౌంటెన్ గ్రాస్. కుచ్చులు కుచ్చులుగా పూసే గడ్డి."

కిందికి చూశాను. జానెడు ఎత్తున, ఎండిపోయిన మోళ్లు. వరసగా పద్నాలుగు దుబ్బులు.

"ఇది చచ్చిపోయిందండీ," అన్నాను జాలిగా.

"ఒకసారి మా షాపుకి రండి. చూపు ఉచితంగా పరీక్ష చేస్తాం."

నేను ఇళ్లముందు రాళ్లు పరిచే పని చేస్తాను. చెప్పిన రోజుకి పని మొదలుపెట్టకపోవడం నా జాతకంలోనే లేదు. ఆ విషయంలో నాకు గర్వం కాస్త ఎక్కువే, దాచుకోను. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారికి డ్రైవింగ్ స్కూలు ఉంది. రెండో కారు పెట్టుకోవడానికి వాకిలంతా రాళ్లు పరవమన్నారు. సోమవారం మొదలుపెడతానని మాటిచ్చేశాను.

"చలి తగ్గేటప్పుడు గడ్డిని తాడుతో కట్టగా బిగించి, జానెడు వదిలి కోసేయాలి. అప్పుడే కొత్త చిగురొస్తుంది," అంది ఆ అమ్మాయి. "పోయినేడు మూడు దుబ్బులు తెచ్చి, చీల్చి పద్నాలుగు చేశాను. ఇంకా ఒక్కసారీ పూయలేదు. నాన్న ఈ మోళ్లు చూసి చచ్చిందనేశారు, అచ్చం మీలాగే. పూసేదాకా ఆగమంటే వినట్లేదు."

"కాస్త బతిమాలి చూడండి."

"బతిమాలడం నాకు రాదు," అంది తల ఎగరేసి. "చూపించడం వచ్చు."

ఆ తల ఎగరేయడంతోనే నా పని అయిపోయింది.

సోమవారం పొద్దున్నే వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి, "సార్, రాళ్లు ఇంకా రాలేదు," అన్నాను. రాళ్లు నా షెడ్డుముందు గుట్టగా పోసి ఉన్నాయి. నా మేస్త్రీ నోరు తెరిచి నన్నే చూస్తుండిపోయాడు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం టేపు పట్టుకుని వాళ్లింటికి వెళ్లేవాణ్ణి.

"కొలత మళ్లీ తప్పిందా?" అనేది.

"ఒక్క అంగుళం తేడా వచ్చిందండీ."

"నిన్నా అంగుళమే అన్నారు!"

"అది వేరే అంగుళం."

నవ్వు ఆపుకోవడానికి దుబ్బుల వైపు తిరిగేది. మోళ్ల మధ్యనుంచి పచ్చటి చిగుళ్లు వస్తున్నాయి. కానీ ఎంత నెమ్మదో! వాళ్ల నాన్నగారేమో ఫోన్ల మీద ఫోన్లు. ఒకరోజు ఆమె షాపులో ఉన్న టైము చూసుకుని, దుబ్బుకి రెండు గుప్పిళ్ల చొప్పున ఎరువు చల్లి వచ్చాను. కొద్దిరోజుల్లోనే గడ్డి నడుమెత్తు లేచింది. పొంగిపోయాను. తర్వాత ఒక వాన పడింది. తెల్లారి చూస్తే దుబ్బులన్నీ నేలమీద బోర్లా పడి ఉన్నాయి.

"ఎవరు ఎరువేశారు?" ఆమె పడిపోయిన కాడలని పైకెత్తి పట్టుకుంది. "ఈ గడ్డికి పేద నేలే కావాలి. బలం ఎక్కువైతే కాడ మెత్తబడి ఇలా పడిపోతుంది."

"నేనే," అన్నాను. "త్వరగా పూస్తుందని. రాళ్లు రాలేదని ఇంకెన్నాళ్లు చెప్పగలనో తెలియక..."

"రాళ్లు వచ్చాయా?"

"మొదటిరోజే."

"మరి నాన్నకి అబద్ధమెందుకు చెప్పారు?"

"మీరు బతిమాలనన్నారు కదా. ఏదో ఒకటి నేను చేద్దామని."

ఆమె కత్తెర నా చేతిలో పెట్టింది. "సగానికి కోయండి. లేటుగా పూసినా నిటారుగా నిలబడి పూస్తాయి. ఆరు వారాలు పడుతుంది."

"ఆరు వారాలా! నా పరువో?"

"పోతుంది. అయినా కోస్తారా?"

కోశాను. పోయింది కూడా. తోటి పనివాళ్లు నన్ను 'రేపుబాబు' అని పిలవడం మొదలుపెట్టారు.

ఏడో వారంలో వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "ఉన్నపళంగా రా."

వెళ్లేసరికి డ్రైవింగ్ స్కూలు కారు వీధి మధ్యలో ఆగి ఉంది. నేర్చుకునే కుర్రాడు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన కారు దిగి చేతులూపుతూ ఇరుగుపొరుగుకి చెబుతున్నారు. వాకిలి నిండా ఊదారంగు కుచ్చులు గాలికి ఊగుతున్నాయి.

"పద్నాలుగు దుబ్బులు! ఒక్కటన్నా వంగిందేమో చూడండి! మా అమ్మాయి పెంచింది!"

నాకూ ఛాతీ ఉబ్బిపోయింది. కోసిన చేతులు నావే మరి!

నన్ను చూసి ఆయన దగ్గరికొచ్చారు. "రాళ్లు వద్దు. కారు వీధిలోనే పెట్టుకుంటాను."

"అలాగే సార్."

"మీ షెడ్డు ముందునుంచే రోజూ డ్రైవింగ్ నేర్పిస్తానయ్యా. ఆ రాళ్ల గుట్ట నాకు కనబడదనుకున్నావా?"

నా తల వాలిపోయింది. "మరి అడగలేదేం సార్?"

"ఒక్కరోజు కూడా మాట తప్పనివాడు మా ఇంటి దగ్గరే ఎందుకు తప్పుతున్నాడో చూద్దామని."

కారులోని కుర్రాడు తల బయటపెట్టాడు. "ఈయనెవరు సార్?"

ఆయన నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి సమాధానం వచ్చింది, వీధి వీధంతా వినబడేలా.

"నేను పెళ్లి చేసుకోబోయే మనిషి. నా తోట కోసం తన పేరు పోగొట్టుకున్నారు."

"ఎప్పుడనుకున్నారమ్మా ఇదంతా?" అన్నారు వాళ్ల నాన్నగారు.

"నేను మొన్నే అనుకున్నాను నాన్నా. ఆయనకి ఇప్పుడే తెలిసింది."

వాళ్ల నాన్నగారు నా భుజం మీద ఒక్కటి చరిచారు. "తల ఊపవయ్యా! అది రెండోసారి అడిగే రకం కాదు."

ఊపాను. ఎంత గట్టిగా ఊపానంటే, కారులో కుర్రాడు హడలిపోయి హారన్ నొక్కేశాడు.